రెండూ నలభై బండి

కొర్లగుంటలో మిద్దె మీది గది.
మామిడికాయల పెట్టెలు పగలగొట్టి
ఆ పలకలతో చెంగల్రాయుడు వేసిన నేల.
దాని మీద పాకాల జంక్షన్.

నేను కింది వాటాలో అద్దెకున్నదాన్ని.
లాడ్జీలకు సాఫ్ట్‌వేర్ రాస్తాను.
ఏ గది ఖాళీ, ఏ గదిలో మనుషులున్నారు,
గుండ్లతో కొండ దిగిన కుటుంబం
తాళంచెవి ఎన్నింటికి తిరిగిస్తుంది.

"రైళ్ళ సంగతి తెలుసునా పాపా?"
తెలీదన్నాను.
"గదుల సంగతి తెలుసు గదా, చాల్లే."

ముప్పై ఒక్క ఏండ్లు పాయింట్స్‌మన్.
మీటరుగేజి పీకేసిన ఏడు
ఒక లివరు పిడి అడిగి తెచ్చుకున్నాడు.
అదిప్పుడు ఆ గది తలుపుకు గొళ్ళెం.

పట్టాలను పదకొండు గదులుగా తెంపాం.
గదికొక సెన్సరు, కంటికి కనబడని వెలుతురు.
బండి అడ్డమొస్తే ఒకటి, లేకుంటే సున్నా.
పాయింట్ల కింద బొటనవేలంత మోటార్లు
టిక్కుమని మెడ తిప్పుతాయి.
కోడు నా పాతదే.
గది అన్నచోట బ్లాక్ అని మార్చానంతే.
ఒక గదిలో రెండు కుటుంబాలు దిగరాదు.
(బ్రహ్మోత్సవాల్లో దింపుతారు, అది వేరే సంగతి.)

మొదటి ఆదివారం
మూర్ మార్కెట్లో బేరమాడి తెచ్చిన ఇంజను
కొత్త నల్లరంగు వాసనతో కదిలింది.
చంద్రగిరి, పనపాకం, పాకాల.
తెర మీద పచ్చచుక్కలు ఎర్రబడి
మళ్ళీ పచ్చబడుతున్నాయి.
సెకను తేడా లేదు. చప్పట్లు కొట్టాను.

ఆయన పెదవి విరిచినాడు.
"ఇది పాకాల కాదు పాపా.
పాకాల్లో ఇంజను నీళ్ళు తాగతాది.
మజ్జిగ మునెమ్మ చిల్లర కోసం
కొంగుముడి ఇప్పతా ఉంటాది.
గార్డు జెండా చంకలో పెట్టుకోని
పొగాకు నలుపుకుంటాడు.
వీళ్ళనంతా ఏ గదిలో పెట్టినావు?"

పెట్టాను.
రెండు నుంచి తొమ్మిది నిమిషాల దాకా
కంప్యూటరు తనకు తోచినంత ఆలస్యం.
ఆ ఫంక్షనుకు మునెమ్మ అని పేరు.

తరువాత ఒక రాత్రి లాగ్‌లో
మేము నడపని బండి కనబడింది.
రెండూ నలభైకి ఏడో గదిలోకి వచ్చింది.
ఎనిమిదిలో పదకొండు నిమిషాలు ఆగింది.
ఇంజనేమో అట్టపెట్టెలో, గుడ్డ కప్పుకుని ఉంది.
మరుసటి రాత్రీ అంతే.
వైర్లు ఊడదీసి బిగించాను, సెన్సరు మార్చాను,
వోల్టేజిని తిట్టుకున్నాను.
చివరికి సిగ్గుపడుతూ చెప్పాను.

"ఎటునుంచి?"
చిత్తూరు వైపునుంచి.
"ఎనిమిదిలో ఆగిందా?"
ఆగింది.
ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నాడు.
"బెల్లం గూడ్సు అది.
వాసన ముందొచ్చేది, బండి ఎనకొచ్చేది.
హోం సిగ్నల్ కాడ నిలిపేది నేనే."

మూడో రాత్రి ఇద్దరం లైటార్పి కూర్చున్నాం.
ఫ్యాను కూడా ఆపేశాడు, చప్పుడు వినబడాలని.
రెండూ నలభై ఒకటి.
ఏడో చుక్క ఎర్రబడింది.

టార్చి వేస్తే
పూతలపట్టు దాటి వస్తున్న గవులి.
స్లీపర్లను ఒక్కొక్కటే కాలితో లెక్కపెట్టుకుంటా
తోక కొంచెం పైకెత్తి
ఎనిమిదిలో, ఎర్ర సిగ్నల్ ముందర
ఆగింది.

అదిలించబోతే నా చెయ్యి పట్టుకున్నాడు.
"బండిని తోలతారా ఎవరన్నా?
లైన్ క్లియర్ ఇయ్యి."

మీట నొక్కాను. మోటారు టిక్కుమంది.
ఆ టిక్కుకు గవులి ఉలిక్కిపడి
పాకాల ఒకటో ప్లాట్‌ఫాం మీదుగా పరిగెత్తి
గోడెక్కి, ట్యూబులైటు చాటున
మూడుసార్లు పలికింది.
ఆయన వేలి మెటికతో పలకను తట్టి
"సత్యం" అన్నాడు.

తెల్లారి ఒక షరతు రాశాను.
జానెడుకన్నా పొట్టిదైతే బండి కాదు, లెక్కించొద్దు.
మూడు లైన్లు. బాగా పనిచేశాయి.
మధ్యాహ్నం తీసేశాను.
టైంటేబులులో అడుగున ఒక వరస చేర్చాను.
రెండూ నలభై, గూడ్సు, సరుకు బెల్లం.

ఇప్పుడు లాడ్జీలో
తెర మీద ఖాళీ అని పచ్చగా వెలిగే గదిని
తాళం తీసేముందు
ఒకసారి తట్టి చూస్తున్నాను.